సున్నం రాళ్లు

బుధును రాయికి కట్టేసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ రాయికి సున్నం పూసింది నేనే. మిల్లులో పనిచేసే తమ్ముళ్లారా, చదువుకునే బాబుల్లారా, ఈ కథలో నన్ను మంచివాడిగా చూడకండి. ముందే చెబుతున్నాను.

అది పంతొమ్మిది వందల ఇరవయ్యారు. కొండల్లో పితూరీని అణిచేసి రెండేళ్లయింది. మన్యంలో నోరెత్తినవాడల్లా సర్కారుకు పితూరీదారుగానే కనిపించే రోజులు. గుంజిపుట్టు అనే గదబల ఊరికి పైన, వాళ్లు తాతల నాటి నుంచి పోడు కొట్టుకునే వాలు ఉంది. తొలకరి పడింది. ముసలి బుధు, అతని భార్య చిట్టెమ్మ ఆ వాలు మీద చోడి విత్తనాలు జల్లుతున్నారు. ఫారెస్టు రేంజరు నలుగురు గార్డులతో వచ్చాడు. వాళ్ల వెనక కూలివాణ్ణి నేను. గార్డులు చిట్టెమ్మ చేతిలో గంప లాక్కుని గెడ్డలో కుమ్మరించారు. పస్తులుండి కూడా ముట్టుకోకుండా దాచిన విత్తనం నీళ్లలో కొట్టుకుపోయింది.

"బాబూ, మా తాతలు సేసిన పోడు ఇది. ఇత్తనం పారబొయ్యకండి" అంటూ బుధు రేంజరు కాళ్లమీద పడ్డాడు.

"హద్దురాళ్లు కనపళ్లేదుట్రా? రాళ్లు మోసిందీ మీరే, కోడిని కోసి పూజ చేసిందీ మీరే. హద్దుకు ఒప్పుకున్నారని నేను పైకి రాసేశాను. ఇప్పుడు తెలీదంటే ఎలా?" అన్నాడు రేంజరు. తర్వాత గార్డుల వైపు తిరిగి, "వీడికి ఆ రాయంటే భక్తి కదా. దానికే కట్టండి. సాయంత్రం దాకా మొక్కుకుంటాడు" అన్నాడు.

గార్డులు నవ్వారు. నేను నవ్వలేదు. కానీ తాడు అందించింది నేనే. పగలంతా వాన కురిసింది. పొద్దువాలాక విప్పితే కొడుకు గాసి తండ్రిని వీపున వేసుకుని ఊళ్లోకి తీసుకుపోయాడు. మూడోనాడు బుధు చచ్చిపోయాడు.

ఆ పూజ సంగతి చెప్పకపోతే నా పాపం మీకు తెలియదు. గదబలు చచ్చినవాళ్లకు రాయి నిలబెడతారు. ఎక్కడైనా నిలబెట్టిన రాయి కనిపిస్తే ఎవరిదని అడుగుతారు. కిందటి చలికాలంలో అడవి చుట్టూ హద్దు వేసినప్పుడు, గుంజిపుట్టు మగవాళ్లందరినీ వెట్టికి పట్టి రాళ్లు మోయించారు. కూలి లేదు, గుక్కెడు అంబలి లేదు. వాళ్లు రాయి పాతితే నేను సున్నం పూసేవాణ్ణి. అప్పుడు బుధు నన్ను అడిగాడు.

"ఇదెవురి రాయి బాబూ? ఎవురు సచ్చినారు?"

"దొర తాత" అన్నాను, ఎగతాళికి.

"మరిదో?"

"దొర నాయినమ్మ."

ఆ రోజు నాకు భలే సరదాగా ఉంది. పొద్దుగూకేసరికి రేంజరు వంశాన్నంతా చంపేశాను. ముసలివాడు నవ్వలేదు. వరసగా నిలబడ్డ రాళ్లను చూసి కళ్లు తుడుచుకున్నాడు. "పాపం, ఇంటినిండా సావులే. అందుకేనేటో ఆ బాబు అలా సిడసిడలాడతాడు" అన్నాడు.

మర్నాడు ఊరంతా బియ్యం, కోడిపుంజు పట్టుకుని వచ్చింది. ప్రతి రాయి ముందూ ఆకు వేసి గుప్పెడు మెతుకులు పెట్టారు. చిట్టెమ్మ అయితే ఎవరో తెలియని ఆ చావులకు నిజంగానే ఏడ్చింది. రేంజరు దూరం నుంచి చూసి కడుపుబ్బ నవ్వుకున్నాడు, కాగితం మీద రాసుకున్నాడు. నాకు అంతా తెలుసు. నోరు మూసుకున్నాను.

బుధు శవాన్ని కాల్చి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఊరు సదరు మీద కూడింది. పాత చావుల రాళ్ల మధ్య వాళ్లు కూర్చుని మంచీచెడ్డా మాట్లాడుకునే చోటది. నేను సున్నం డబ్బా గార్డుల గుడిసె ముందు విసిరికొట్టి అక్కడికి వెళ్లాను. అప్పటికే కేకలు వినిపిస్తున్నాయి.

"గునపాలట్టుకు రండి. ఆ రాళ్లు పీకి గెడ్డలో పారేద్దుం" అంటున్నాడు గుండు చేయించుకున్న గాసి.

"తప్పురా గుంటడా. నిలబెట్టిన రాయి పీక్కూడదు. దొరల సావైనా సావే" అన్నాడు దిసారి. ఆయన ఆ ఊరి పూజారి.

"ముఠాదారు కాళ్లట్టుకుందుం. ఆయన సెప్తే రేంజరు ఇంటాడు" అన్నాడు మరొకడు. ముఠాదారంటే ఆ కొండ ఊళ్ల మీద సర్కారు తరపు పెద్ద.

అప్పుడు కనక లేచింది. మొగుణ్ణి ఘాటు రోడ్డు వెట్టిలో పోగొట్టుకున్న మనిషి. "ఇంకా ఎవురి కాళ్లట్టుకుంటారు? బుధు తాత అట్టుకున్నయి కాళ్లు కావా?" అని అరిచింది.

నేను మధ్యకు వెళ్లి నిజం చెప్పాను. దొర తాతా లేడు, నాయినమ్మా లేదు, అవి అడవిని మీ దగ్గర్నుంచి లాక్కోవడానికి పాతిన రాళ్లు అన్నాను. గాసి నా పీక పట్టుకున్నాడు. చంపేస్తాడనుకున్నాను. చంపినా న్యాయమే.

"ఒగ్గీరా" అంది చిట్టెమ్మ. నా ముందుకు వచ్చి నిలబడింది. "ఏటి పైడయ్యా, ఆ రాళ్లకి మనిసి లేడా?"

"లేడమ్మా. ఉత్త రాళ్లు."

"నాను ఏడిసినానే ఆళ్ల కోసం" అంది.

నన్ను తిట్టి ఉంటే బాగుండును. ఆమె దిసారి వైపు తిరిగింది. చావు రాయి నిలబెట్టాలంటే దున్నపోతును కోసి ఊళ్లకు విందు పెట్టాలి. ఎనిమిదేళ్లుగా గుంజిపుట్టులో ఆ విందు జరగలేదు. కరువులో పోయినవాళ్లు, విషజ్వరంలో పోయినవాళ్లు, రోడ్డు పనిలో బండల కింద పోయినవాళ్లు రాయి లేకుండానే ఉండిపోయారు.

"మా ముసిలోడికి ఆ వాలు మీద రాయి ఎట్టండి. అందరి సావులకీ అక్కడే ఎట్టండి. నిలబెట్టిన రాయి పీక్కూడదు గదా దిసారీ?"

"దున్నపోతు?" అన్నాడు దిసారి.

"పంటొచ్చినాక ఎడదుం. మన కట్టం సచ్చినోళ్లకి తెల్దా?" అంది కనక.

మూడోరోజు పొద్దు పొడుస్తూనే గుంజిపుట్టు కదిలింది. పక్క ఊళ్ల చుట్టాలు రెండు వందల మంది వచ్చారు. అడ్డతీగలతో కర్రలకు రాళ్లు కట్టి భుజాల మీద ఎత్తారు. వెట్టిలో మోసిన పద్ధతే అది. కానీ ఈసారి రాళ్లు వాళ్లవి. వాలు మీద హద్దు దాటి ఒక్కొక్క రాయీ పాతుతూ చచ్చినవాళ్ల పేరు పెట్టి పిలిచారు. కనక తన మొగుడి రాయిని కావలించుకుని కూర్చుండిపోయింది, ఎవరూ లేపలేకపోయారు. ఇంటింటి నుంచి తెచ్చిన గుప్పెడు గుప్పెడు చోళ్లు ఆడవాళ్లు ఆ రాళ్ల మధ్య జల్లారు. బుధు రాయిని గాసీ నేనూ మోశాం. దారి పొడుగునా అతను నాతో ఒక్కమాట మాట్లాడలేదు.

మధ్యాహ్నం రేంజరు తుపాకుల పోలీసులతో వచ్చాడు. రాళ్లు పీకించడానికి వేరే కొండ నుంచి ఇరవై మందిని వెట్టికి తోలుకొచ్చాడు. వాళ్లలో ముందున్నవాడు గునపం పట్టుకుని ఆగాడు.

"ఇయ్యి ఎవురియి అప్పా?"

చిట్టెమ్మ పేర్లు చెప్పింది. ఒక్కొక్క రాయి దగ్గరికీ నడిచి, ఎలా పోయారో కూడా చెప్పింది. అతను విని గునపం కింద పెట్టేశాడు.

"మేం ముట్టుకోం బాబూ."

లాఠీలు విరిగేలా కొట్టారు. ఇరవై మందీ రాళ్ల మధ్యే కూలబడ్డారు గాని ఒక్కడూ గునపం ఎత్తలేదు. జనం వాళ్ల చుట్టూ చేరి దెబ్బలు పంచుకున్నారు. సర్కారు తనే పాతుకున్న తెల్లరాళ్లు ఆ నల్లరాళ్ల మధ్య వెతుక్కోవలసి వచ్చింది.

గాసినీ, దిసారినీ, నన్నూ, మరి తొమ్మిది మందినీ ఒకే తాడుకు కట్టారు. కొండ మలుపు దాకా చిట్టెమ్మ మా పక్కనే నడిచింది. "సోడి మొలిసీదాకా నాను కాపలా ఉంతాను. బేగి వచ్చీరా నాయినా" అంది కొడుకుతో. గాసి రాలేదు. జైల్లో జ్వరంతో పోయాడు. అతని రాయి ఇప్పుడు తండ్రి రాయి పక్కన ఉంది. దాన్నీ నేనే మోశాను.

మమ్మల్ని నడిపించుకుపోయిన రోజు ముంచింగిపుట్టులో సంత. జనం దారిచ్చి నిలబడ్డారు. కావడిలో చింతపండు బుట్టలు మోసుకొస్తున్న ఒక ముసలివాడు గాసి గుండు చూసి ఆగాడు.

"ఎవురు సచ్చినారు బాబూ?" అని నన్ను అడిగాడు.

బుధు అడిగిన మాటే. ఈసారి నిజం చెప్పాను.

"గుంజిపుట్టు బుధు. పోడు కోసం సున్నం రాయికి కట్టి సంపేసినారు. ఆ హద్దు దాటి మా సచ్చినోళ్ల రాళ్లు ఎట్టినాం. ఆ పాపంలో నానూ ఉన్నాను."

పోలీసు నా మూతి మీద కొట్టాడు. ముసలివాడు కావడి దించాడు. వెనక వస్తున్న తన ఊరివాళ్లను కేకేసి, "మన కొండ మీద సున్నం రాళ్లు ఎన్నున్నాయిరా?" అని అడిగాడు.