కౌజు కూర్చున్న బీరపాదు

ఆ ఏడు శ్రావణం సగమైనా వాన లేదు. చెనిక్కాయ చేను నిలువునా ఎండి, ఆకు పట్టుకుంటే పొడి అవుతోంది. చేనికి పోయి చేసేదేమీ లేదు, ఇంట్లో కూర్చోబుద్ధీ కాదు. పెరట్లోకి పోవడం, రావడం, మళ్లీ పోవడం. అదే నా పని.

పెరడంటే నాలుగు వంగచెట్లు, కాస్త టమేటా, ముళ్లకంప మీదికి ఎక్కిన ఒక బీరపాదు. వాటికి మేం జలకాలాడిన నీళ్లే గతి. జలకాల బండను ఒకరోజు వంగచెట్టు మొదట్లో, మరునాడు టమేటా పక్కన వేసుకుని, దాని మీద కూర్చుని పోసుకోవాలి. బండ కింద ఒక బోదురుకప్ప. బండ ఎక్కడికి జరిగితే అదీ అక్కడికే వచ్చి దూరేది. ఆ కరువులో ఊరి మొత్తానికి సుఖపడింది అదొక్కటే.

బీరపాదుకు ఒక్క కాయ కోయకుండా వదిలి, నా భార్య అంజనమ్మ దానికి ఎర్ర గుడ్డపీలిక కట్టింది. పీలిక కట్టిన కాయ విత్తనానికి, దాన్నెవరూ ముట్టరు. ఆ బీర ఆమె పుట్టిల్లు నిడుగల్లుది. దాచిన విత్తనమంతా పురుగు తినేసింది. ఈ కాయ తీగ మీదే పండి ఎండితేనే వచ్చే ఏడు మా ఇంట్లో బీర. చేను ఎట్లాగూ పోయింది, ఇదన్నా దక్కాలని నా పంతం. సాయంత్రం పసుపు పూలు విచ్చుకుని, వాటి చుట్టూ తేనెటీగలు తిరుగుతుంటే కాసేపు మనసు కుదుటపడేది.

ఒక పొద్దున బీరపాదు వంతు వచ్చి బండ మోసుకుపోయాను. తీగల కింద నుంచి బుర్రుమని ఒక కౌజు పిట్ట లేచింది. పాదు మొదలు పక్కనే మట్టిగుంటలో మీగడ రంగు గుడ్లు.

అంజనమ్మ నీళ్ల చెంబు కింద పెట్టేసింది. "ఈడ పొయ్యొద్దు. గుడ్లు తడిస్తే మురిగిపోతాయి."

"పొయ్యకుంటే పాదు సస్తాది."

"పొదిగేదాన్ని లేపి మనం బాగుపడతామా?"

"విత్తనం నీ పుట్టింటిదే కదే!"

"నాదే. అందుకే చెప్తాండా, వద్దని."

బండను మళ్లీ వంగచెట్టు దగ్గరికే ఈడ్చాను. అక్కడినుంచి పాదు దాకా సన్నని కాలవ తీసి చూశాను. నీళ్లు సగం దారిలోనే ఇంకిపోయాయి. మధ్యాహ్నం వేలాడిన ఆకులు సాయంత్రానికీ లేవడం మానేశాయి. కౌజు మాత్రం గుడ్ల మీద కదలకుండా నన్నే చూస్తోంది. "ఈ తాలూకాలో నీకింకెక్కడా చోటు దొరకలేదా?" అని తిట్టాను.

అప్పుడొచ్చాడు పక్క వీధి ఆదెప్ప. ఉరులు వేసి కౌజులు పట్టడం వాడి పని. చంకలో ఉరుల సంచి ఉండనే ఉంది.

"ఏమన్నా, మీ పెరట్లో కౌజు కూసినట్లుండాది?"

వాణ్ణి లోపలికి రానిస్తే ఆ పూటే పాదుకు నీళ్లు పోయొచ్చు. మాట నోటిదాకా వచ్చింది.

"కూర గిన్నెడు మీకూ పంపిస్తాలే. అక్కకు మాత్రం చెప్పొద్దు," అని నవ్వాడు.

ఆ నవ్వుకు నాకు కడుపు మండింది. ఎండేది నా పాదు, నంజుకునేది వాడా?

"కౌజూ లేదు, నీ తలకాయా లేదు. బోరింగు పిడి కూసింటాది."

"బోరింగు మీ పెరట్లోకి ఎప్పుడొచ్చెనప్పా?" అంటూ వాడు కంప వైపు నడిచాడు.

"ఆడ నా పెండ్లాం జలకం పోసుకుంటాండాది. తొంగిచూస్తే కండ్లు పీకుతా!"

వాడు వెనక్కి తిరిగేసరికి వీధిలోంచి అంజనమ్మ ఖాళీ బిందెతో వస్తోంది.

"అక్కా, అప్పుడే అయిపాయెనా జలకం?" అన్నాడు.

ఇక వాడు మళ్లీ వస్తాడని ఖాయం. మంచం తెచ్చి పాదు పక్కన వేసుకున్నాను. ఆకు కదిలితే లేవడం, కుక్క మొరిగితే లేవడం. కాయేమో పండకముందే ముడతలు పడుతోంది. నేను కాపలా కాసేది దాని ప్రాణం తీస్తున్న పిట్టకు.

ఒక తెల్లవారి చూస్తే గుంటలో పెంకులే ఉన్నాయి. చెనిక్కాయలంతేసి పిల్లలు తల్లి వెంట కంప సందులోంచి దొర్లినట్లు పోతున్నాయి. తల్లి ఒక్కసారీ వెనక్కి చూడలేదు. వెంటనే బండ పాదు మొదట్లో వేసి, బిందెడు నీళ్లూ కుమ్మరించుకున్నాను. అప్పటికే తీగ పుల్ల అయిపోయింది.

కాయ విరిస్తే అంతా తెల్లటి తాలు. అంజనమ్మ చేటలో పోసి ఊదింది. అడుగున కొన్ని నల్లవి మిగిలాయి.

"ఒక గుంతలో నాటేకొస్తాయి," అంది.

"మొలిచినప్పుడు చూడాల."

"మొలిస్తే చూస్తాంలే," అని వాటిని ఆ ఎర్ర పీలికలోనే మూట కట్టింది.

అప్పుడే ఎండిన చేని వైపు నుంచి కౌజు గట్టిగా కూసింది. ఆదెప్ప కూడా విన్నాడేమోనని లేచాను.