ఎండ గీతలు

"ఆరు గంటల ఎండ తగిలితేనే కాయలమ్మా. విత్తనాలు తర్వాత కొందురుగాని, ముందు ఒక రోజంతా పెరట్లో కూర్చుని ఎండ ఎట్నుంచి ఎటు నడుస్తుందో చూసుకోండి," అన్నాడు మొక్కలమ్మే ముసలాయన. మిగతాదంతా ఆమెకు సులువుగానే తోచింది. ఆ 'రోజంతా కూర్చుని' అన్నదే గొంతు దిగలేదు.

కొత్తింటికి వచ్చి నెలైంది. పద్నాలుగేళ్ళు అద్దె వాటాల్లో, కిటికీ గట్టు మీద రెండు కుండీలతో సరిపెట్టుకున్న మనిషికి వంటింటి వెనక నాలుగు మంచాలు పట్టేంత మట్టి దొరికింది. వంగ ఎక్కడ, బెండ ఎక్కడ, తీగ పాకడానికి ఏ గోడ అని ఆఫీసుకు వెళ్తూ బస్సులో టిక్కెట్ల వెనక బొమ్మలు గీసుకుంటోంది. భర్తకు ఆ మట్టిని చూస్తే ఇంట్లోకొచ్చే బురదే కనిపిస్తుంది. "మంగళవారం మేస్త్రీ వస్తున్నాడు. ఆలోగా ఎక్కడేం వేస్తావో తేల్చి చెప్పు, అంత మేర వదిలేయిస్తా. లేదంటే మొత్తం సిమెంటే," అన్నాడు శనివారం. న్యాయమైన మాటే. గడువే రెండు రోజులు.

ఆదివారం పొద్దున్నే సున్నప్పొడి డబ్బాతో పెరట్లోకి దిగింది. గంటకోసారి ఎండ అంచు వెంట ఒక తెల్లగీత, పక్కనే ఆ గంట అంకె. ఎనిమిది, తొమ్మిది, పది. పదకొండు కాకముందే "అమ్మాయ్, పొయ్యి మీద మాడుతోంది!" అని అత్తగారి కేక. ఆపైన వంట, వడ్డన, గిన్నెలు, బట్టలు. ఆడపడుచు ఫోను చేస్తే, ముక్తసరిగా మాట్లాడిందన్న మాట రాకుండా మరో అరగంట. మళ్ళీ పెరట్లోకి వచ్చేసరికి నాలుగైంది. ఎండ గోడెక్కేసింది. గోడ మొదట్లోనే ఒక గీత గీసి నాలుగు అంకె వేసింది.

భర్త గీతలు చూసి నవ్వాడు. "పది తర్వాత నాలుగేనా? మధ్యలో సూర్యుడు కూడా కునుకు తీశాడా ఏంటి?"

అత్తగారూ నవ్వారు. తనూ నవ్వబోయి ఆగింది. సూర్యుడు ఎక్కడికీ పోలేదు, తనే లేదు. కాయలు కాసే ఆరు గంటలూ ఆ ఖాళీలోనే ఉన్నాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పెట్టిన సెలవులు గుర్తొచ్చాయి. అత్తగారి కంటి ఆపరేషనుకు, పాప జ్వరాలకు, ఆడపడుచు పురిటికి. తనకని ఒక్క పూట కూడా లేదు.

సోమవారం ఆఫీసుకు ఫోను చేసింది. కారణం అడిగితే "సొంత పని" అంది. ఆ మాట తన నోటికే కొత్తగా ఉంది. భర్త, పాప వెళ్ళగానే పెరట్లో పీట వేసుకుంది. పది. పదకొండు. పన్నెండింటికి ఎండ నీళ్ళ తొట్టి దాటి, వెనక గోడ దాకా నిండుగా పరుచుకుంది. ఇంట్లో చేరి నెలైనా ఈ ఎండను ఇదే చూడటం.

"అమ్మాయ్! పన్నెండైంది, వంట సంగతేంటి?"

ఆమె గీత మధ్యలో వదల్లేదు. అత్తగారే గుమ్మంలోకి వచ్చారు. "ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది అత్తయ్యా. ఇవాళ సెలవు పెట్టాను."

"సెలవు ఆఫీసుకి కదా?"

ఆమె చేతికంటిన సున్నం దులుపుకుని, పీటను కాస్త నీడలోకి జరుపుకుంది.

"ఇంటికి కూడా," అంది.