బెత్తెడు మడత

పసిపిల్ల గౌనుకు అంచు కుడుతోంది ఆమె. ఎవరైనా అంగుళం మడత పెడతారు. ఆమె బెత్తెడు పెడుతుంది, పిల్ల ఎదిగేకొద్దీ విప్పుకోవచ్చని.

"ఈ మడతలో ఇంకో గౌను పడుతుందమ్మా," అన్నాడు కొట్టు నడిపే మాస్టరు.

"పిల్లలు మనం ఆగమంటే ఆగుతారా అన్నా."

ఈ గౌను ఎవరూ కుట్టమని ఇచ్చింది కాదు. మిగిలిపోయిన పసుపు గుడ్డ అడిగి తీసుకుంది. ఎవరికమ్మా అంటే, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం," అని తన మీద తనే నవ్వుకుంది.

చిన్నప్పుడే కిడ్నీలు దెబ్బతిన్నాయి. పెళ్లయ్యాక, పిల్లల్ని కనొచ్చా అని అడిగితే డాక్టరమ్మ కాదనలేదు. ఇప్పుడు వేసుకునే బీపీ మాత్ర కడుపులో బిడ్డకు మంచిది కాదు, పరీక్షలు చూసి వేరేది మారుస్తాను, అప్పటిదాకా బిడ్డ కోసం ఆగమంది. బిడ్డకు మంచిది కాదన్న ముక్క ఒక్కటే ఈమె చెవికెక్కింది. ఆ రోజే మాత్ర మానేసింది. కత్తిరించే ముందు గుడ్డను తడిపి ఆరేస్తారు కదా, ఒంటినీ అలాగే సిద్ధం చేస్తున్నాననుకుంది, పిచ్చిది. నెలలు గడిచి, కాళ్లు పొంగి చెప్పులు పట్టకపోయాక గానీ మళ్లీ ఆస్పత్రి గడప తొక్కలేదు.

గౌను అంచు సగంలో వదిలి వెళ్లిన ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ పరీక్షల కాగితాలు చూసి తలెత్తింది.

"మాత్ర ఎవరు మానమన్నారు?"

"ఎవరూ అనలేదండీ. బిడ్డకి మంచిది కాదన్నారు కదా."

"మారుస్తానన్నానమ్మా, మానమన్లేదు. ఇక బిడ్డ మాట మర్చిపో. ముందు నువ్వు దక్కాలి. ఇప్పుడే చేరిపో."

"సాయంత్రం వస్తానండీ. కాస్త కుట్టు మిగిలింది."

వద్దంటున్నా లేచి వచ్చేసింది. బిడ్డే లేదన్నాక ఆమెకిక తొందరేముంది? దారిలో భర్తకు ఫోను చేసి, మందు మారుస్తారట, సాయంత్రం ఆస్పత్రికి తీసుకెళ్లమని మాత్రం చెప్పింది.

"హమ్మయ్య. అయితే మనకీ మంచి రోజులొచ్చినట్టే," అన్నాడతను.

ఆమె ఫోను పెట్టేసింది. కొట్టుకొచ్చి మిగిలిన అంచు కుట్టి, దారం పంటితో తెంపింది. తల పగిలిపోతోందంటూ మిషను మీదకు వాలింది. కాసేపు పడుకోనివ్వండని మాస్టరు పక్క మిషన్లు ఆపించాడు. భర్త వచ్చి భుజం తట్టి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. ఒళ్లు అప్పటికే చల్లబడింది.

ఆమెను తీసుకెళ్లాక మిషను మీద గౌను ఒక్కటే మిగిలింది. లోపల బెత్తెడు మడత, లాగితే ఊడొచ్చేలా వదులు కుట్లతో.