బౌరో గీసిన నీరా

పొద్దున్నా సాయంత్రమూ మగవాళ్లు కొబ్బరిచెట్లెక్కి నీరా గీస్తారు. గీస్తున్నంతసేపూ పాడతారు. కింద బావుల దగ్గర ఆడవాళ్లు స్నానాలు చేస్తుంటారు కదా, పైన మనిషున్నాడని వాళ్లకి తెలియాలి. పాడకుండా చెట్టెక్కేవాడిని మా కిరిబాస్ దీవుల్లో ఎవరూ మర్యాదస్తుడనరు.

మా ఊళ్లో ఆ పాట నీరాతో పాటే చిప్పలోకి దిగుతుంది. తాగితే గీసినవాడి గొంతు మన గొంతులో పలుకుతుంది. పసిపిల్లలకి వేరే జోలపాట అక్కర్లేదు, ఓ గుక్క పడితే చాలు. ఎవడైనా దగ్గుతో చెట్టెక్కాడంటే ఆ పూట వాడి నీరా తాగినవాళ్లంతా ఖళ్లు ఖళ్లుమంటారు. పొయ్యి మీద కాచి పాకం చేస్తే మాత్రం గొంతు ఆవిరైపోయి తీపి ఒక్కటే మిగులుతుంది.

రోటియా బౌరోని చేసుకున్నది కూడా అతని నీరా తాగే. పెళ్లికి ముందు వాళ్ల పిన్ని ఇంట్లో ఒక చిప్పెడు తాగి, "ఈ గొంతు ఎవరిదే పిన్నీ?" అని అడిగింది. అంత బాగా పాడేవాడు మహానుభావుడు.

పెళ్లయ్యాక మనిషి మారాడు. రోటియా రోడ్డు పక్కన బన్నులు అమ్మేది. ఆమెది నవ్వుమొహం. కొన్నవాడితోనూ నవ్వుతుంది, కొననివాడితోనూ నవ్వుతుంది. చెట్టు మీంచి చూస్తే రోడ్డంతా కనిపిస్తుంది మరి. పాడితే తను పైనున్నట్టు తెలిసిపోతుందని బౌరో పాట మానేశాడు. నోరు మూసుకుని ఎక్కడం, ఆకుల సందులోంచి పెళ్లాన్ని కాపలా కాయడం, అదీ అతని పని.

"ఇందాక టెమారోతో ఏంటంత నవ్వు?" అనేవాడు దిగొచ్చి. టెమారో అంటే పడవ ఇంజన్లు బాగుచేసే అతను.

"బన్ను మాడిందన్నాడు. నవ్వొచ్చింది."

"నాతో అలా నవ్వి ఎన్నాళ్లయింది?"

"నువ్వు నవ్వించి ఎన్నాళ్లయింది?"

దానికి జవాబు వీపు మీద పడేది. రవిక దాచేచోట కొట్టడం బౌరోకి బాగా తెలుసు. టెమారో మీద మొదలైన కుళ్లు చర్చి ఫాదరు మీదికి పాకింది, తర్వాత ఆమె సొంత అన్న మీదికి. చివరికి ఇంటి పందిపిల్ల ఆమె వెనకాలే తిరుగుతోందని దాన్నీ తన్నాడు. ఆ మనిషి అసూయకి ఏమి పెట్టినా కడుపు నిండేది కాదు.

ఇదంతా అతని తల్లి టెకారా చూస్తూనే ఉండేది. ఆవిడకి ముక్కు కొన లేదు. వయసులో ఉండగా ఎవరితోనో మాట్లాడిందని మొగుడు కొరికేశాడు. ఇంకెవరూ కన్నెత్తి చూడకుండా అలా చేసే మగవాళ్లు అప్పట్లో ఉండేవాళ్లు. "నేనంటే అంత ప్రేమ ఆయనకి," అని చెప్పుకునేది టెకారా. కోడలి ముక్కేమో తీర్చిదిద్దినట్టుండేది. దాన్ని చూస్తే ఆవిడకి ఒళ్లు మండేది. వీపు మీద దెబ్బల చప్పుడు వినిపిస్తే అటు తిరిగి చాప అల్లుకునేది. నేను పడలేదా, ఇదీ పడనీ అనుకునేది.

బౌరో తెచ్చిన నీరాని రోటియా ఒక్క చుక్క కూడా పచ్చిగా ఉంచేది కాదు. మొత్తం కాచి పాకం చేసేసేది. "ఎంత పనిమంతురాలో," అని ఊరు మెచ్చుకుంది. చిప్పలో ఏముందో ఆమె ఒక్కతే తాగి చూసింది. కాయకపోతే ఊరంతా వింటుంది. సిగ్గుతో ఆ పొయ్యి రాజేసుకుంటూ వచ్చింది పిచ్చిది.

ఒక సాయంత్రం బౌరో ఆమె దవడ పట్టుకుని ముక్కు మీద పళ్లు ఆనించాడు. అదే సమయానికి వాకిట్లో పక్కింటావిడ బన్నుల కోసం కేకేసింది. అతను ఉలిక్కిపడి పట్టు వదిలాడు. రోటియా వెనక గుమ్మంలోంచి పరుగెత్తి ఠాణాలో పడింది. అక్కడున్న పోలీసమ్మాయి కటరీనా ఆమెని కూర్చోబెట్టి, "నీ దగ్గరికి రాకుండా, ఆ ఇంట్లో అడుగుపెట్టకుండా కోర్టు అతన్ని ఆపగలదక్కా. చట్టముంది. నువ్వు అడగాలి, అంతే," అంది.

రోటియా అడిగింది. మేజిస్ట్రేటు పడవలో వచ్చాడు. మనేబాలో, అంటే మా ఊరంతా కూర్చునే పెద్ద పాకలో, కోర్టు పెట్టారు. ఎవరి కుటుంబం చోటులో వాళ్లం బాసింపట్టు వేసుకుని కూర్చున్నాం.

"మొగుడూ పెళ్లాల గొడవకి పడవలెందుకు బాబూ?" అన్నాడు ఊరి పెద్ద. "మేం కూర్చోబెట్టి క్షమాపణ చెప్పిస్తాం, సాయంత్రానికి ఇంటికి పోతుంది."

"ఎన్నిసార్లు చెప్పించారు తాతా?" అంది కటరీనా.

మేజిస్ట్రేటు టెకారా వైపు తిరిగాడు. "ఒకే ఇంట్లో ఉంటావు కదమ్మా. నీ కొడుకు కొట్టడం, బెదిరించడం చూశావా?"

"లేదు," అంది టెకారా. "నవ్వులెక్కువ దానికి. వాడు బంగారం."

చూసినవాళ్లు ఇంకెవరూ లేరు. ఆదేశం రాకపోతే రోటియా ఆ సాయంత్రం అదే ఇంటికి, అదే పళ్ల దగ్గరికి వెళ్లాలి.

తీర్పుకి ముందు అతిథికి నీరా ఇవ్వడం ఆనవాయితీ. మొదటి చిప్ప అందించే హక్కు బౌరో వంశానిది. ఆ హక్కు వదులుకుంటే తలెత్తుకు తిరగలేడు. పైగా వచ్చినాయన ముందు దర్జా చూపించాలి. ఆ పొద్దున గీసిందంతా తెచ్చాడు. కాచడానికి ఇంట్లో రోటియా లేదు. తను పాడలేదు కదా, ఇందులో ఏముంటుందిలే అనుకున్నాడు. పళ్ల సందున గొణుక్కున్నది కూడా దిగుతుందని అతనికి తట్టలేదు. తను గీసింది పచ్చిగా తాగి ఎంతకాలమైందో.

మేజిస్ట్రేటు తాగాడు. పెద్దలు తాగారు. టెకారా తాగింది.

*నవ్వు. ఇంకా నవ్వు. ఆ ఇంజన్ల వాడితో నవ్వు. ఎక్కడ దాక్కున్నా నాకు దొరుకుతావు. నాన్న అమ్మకి చేసినట్టే చేస్తా. అమ్మ నోరు మూసుకోలేదూ, నువ్వూ మూసుకుంటావు.*

చిప్పలు ఒక్కొక్కటే చాపల మీదికి దిగాయి. ఊరి పెద్ద మూతి తుడుచుకుని పక్కకి చూశాడు. బౌరో చుట్టూ చూసి, ఏమైందో అర్థమై, లేవబోయి కూర్చున్నాడు.

టెకారా చెయ్యి మొహం మీదికి వెళ్లింది. "ఇది వాడి గొంతు కాదు," అంది మెల్లగా. "వాళ్ల నాన్నది. ఆయనా చెట్టు మీద ఇవే మాటలు గొణిగేవాడు. నేనూ కాచేదాన్ని." తర్వాత మేజిస్ట్రేటు వైపు చూసింది. "ఇందాక అబద్ధం చెప్పాను బాబూ. అన్నీ చూశాను. కొట్టడం చూశాను, పళ్లు పెట్టడం చూశాను. రాసుకో. ఇల్లూ నేలా మా అమ్మ నాకిచ్చినవి. కోడలు అందులోనే ఉంటుంది. వాడు వెళ్తాడు."

"అమ్మా," అన్నాడు బౌరో.

మేజిస్ట్రేటు కలం తీసి రాయడం మొదలుపెట్టాడు. టెకారా చాప మీద జరుగుతూ వెళ్లి ఆ కాగితాన్నే చూస్తూ కూర్చుంది.

"చచ్చిపోయినవాడి మీద కూడా ఇలాంటిది రాస్తారా?"

"లేదమ్మా," అన్నాడాయన. "చట్టంలో లేదు."

"అనుకున్నా," అంది టెకారా. కోడలి మొహం కేసి చాలాసేపు చూసింది. "దీన్ని చూస్తే నాకు ఇప్పటికీ ఏడుపుగానే ఉంది బాబూ. అయినా సరే, దీనిది గట్టిగా రాయి."