జోజి పాట చివరిదాకా

తొంభై ఆరు తుపాను మా కొబ్బరిచెట్లను వరసగా పడుకోబెట్టి వెళ్ళాక వచ్చిన వేసవి అది. రెండో పంట దాళ్వా కోతలు అయిపోయాయి. కాలవలు కట్టేశారు. చేలన్నీ ఎండి నెర్రెలిచ్చాయి. మధ్యాహ్నం అయితే పిల్లులు నీడ కోసం పొరుగూరు వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేవి. అలాంటి వేసవిలో మా అమ్మిరాజుకి ఓ పెద్ద కోరిక పుట్టింది.

"పెదబాబు బావా, ఏడవాల్సిందంతా ఏడ్చేశాం కదా. ఇంక సంగీతం పెట్టిద్దాం" అన్నాడు.

అమ్మిరాజు నాకు వరసకి బావమరిది. ఊళ్ళో అందరికన్నా పెద్ద చేను వాడిది. ఎంత పెద్దదంటే, అవతలి గట్టు మీద గడ్డం గీయించుకుని బయల్దేరినవాడు ఇవతలి గట్టుకి వచ్చేసరికి మళ్ళీ మంగలిని పిలవాల్సి వచ్చేది. ఆ చేలోనే సంబరం అన్నాడు. పడిపోయిన కొబ్బరి మొద్దులు పేర్చి, పైన బల్లలు పరిచి వేదిక కట్టించాడు. జనం కూర్చోవడానికి వరిగడ్డి పరిపించాడు. కొత్తపేట నుంచి మైకుసెట్టు తెప్పించాడు. రాజోలు వైపు సన్నాయి మేళాలకీ, జొన్నాడ వైపు బ్యాండు మేళాలకీ, ఓడలరేవు భజన బృందానికీ కబురు వెళ్ళింది. రామని ఒక్కరూ అనలేదు. మా జిల్లాలో రామని అనడం ఎవరికి చేతనవుతుంది గనక!

పిలవడం తేలికే అయింది. విడుదులు పంచడం దగ్గర గొడవలు మొదలయ్యాయి. వచ్చిన మేళాలన్నిటికీ ఒకే పందిట్లో వంటవాణ్ణి పెట్టి అన్నం పెట్టడం మాకు నామోషీ. ఒక్కో మేళం ఒక్కో ఇంట్లో దిగాలి. ఆ ఇంటివాళ్ళే స్నానానికి నీళ్ళు తోడాలి, తలకి నూనె ఇవ్వాలి, విస్తరి వెయ్యాలి. మేళం దక్కని ఇంటివాళ్ళు అలిగారు. ఒకాయనైతే "నాకు మేళం ఇవ్వకపోతే కనీసం మైకుసెట్టు కుర్రాళ్ళనైనా ఇవ్వండి" అని అమ్మిరాజు అరుగు మీద బైఠాయించాడు.

ఆ తగువు తీరుతుండగా జోజి వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు. వెనకాల ధనరాజు.

జోజి మా ఊరివాడే. చర్చి వెనక పేటలో ఇల్లు. క్లారినెట్టు వాయిస్తాడు. ధనరాజు పెద్ద డ్రమ్ము కొడతాడు. వాళ్ళ బ్యాండు లేకుండా మా ఊళ్ళో పెళ్ళి లేదు, దేవుడి ఊరేగింపు లేదు, ఆఖరి ప్రయాణమూ లేదు.

"అమ్మిరాజు గారూ, మమ్మల్ని కూడా ఓసారి స్టేజీ ఎక్కనివ్వండి" అన్నాడు జోజి.

"నువ్వు ఊళ్ళోవాడివి కదా జోజీ, నీకు స్టేజీ ఏంటి? బస్సు దిగిన మేళాల్ని ఎదురెళ్ళి వాయించుకుంటా తీసుకురా. ఆ పని నీకంటే బాగా ఎవరు చేత్తారు?"

"ఆయ్, అది చేత్తామండి. కాకపోతే, నా పాట ఈ ఊళ్ళో ఎవరూ చివరిదాకా వినలేదండి."

మేమంతా ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నిజమే! జోజి సొంతంగా కట్టుకున్న పాట ఒకటుంది. మాటలు లేవు, ఉత్త స్వరమే. పెళ్ళికూతురు పుట్టింటి నుంచి బయల్దేరి, పడవ మీద గోదారి దాటి, అత్తవారి రేవులో దిగడం అందులో ఉందని వాడు చెబుతాడు. అయితే వాడెప్పుడూ నడుస్తూ వాయించేవాడే. రామాలయం దగ్గర మొదలుపెడితే చర్చి దగ్గరకొచ్చేసరికి పాట అయిపోతుంది. మధ్యలో ఏ ఇంటి ముందు ఏ ముక్క వస్తే ఆ ఇంటికి ఆ ముక్కే. ఏళ్ళ తరబడి అంతే.

"మా ఇంటి దగ్గర మొదలు వినపడుద్ది జోజీ" అన్నాను నేను. "మొదలు బానే ఉంటుంది. చివర చెడగొట్టేవేమోనని నా అనుమానం."

"అందుకేనండి, అంతా విని తిట్టండి. ముక్క విని మెచ్చుకుంటే నాకు నిద్ర పట్టట్లేదండి. మా సుందరమ్మ కూడా చివరే విందండి. కట్టుకున్నదానికి కూడా పాట మొదలు తెలవదు."

"ఇంట్లో కూర్చుని వాయించి వినిపించవయ్యా పెళ్ళానికి!"

"ఇంట్లో వాయిత్తే బియ్యం లేవని గుర్తు చేత్తాదండి."

అందరూ నవ్వారు. జోజి మాత్రం నవ్వలేదు. అమ్మిరాజు వాడి మొహం చూసి మెత్తబడినట్టే కనిపించి, "చూద్దాంలే" అన్నాడు. మా వైపు ఆ మాటకి అర్థం ఏమిటో జోజికి తెలుసు. తల వంచుకుని వెళ్ళిపోయాడు.

సంబరం రోజు పొద్దున్నించీ ఊరు ఊరంతా నేతి వాసన. బూరెల మూకుళ్ళ పొగ పైకి లేచి పలివెల మీదుగా వెళ్తుంటే, అక్కడివాళ్ళు నోరు తెరిచి నిలబడి ఆ పొగతోనే సగం కడుపు నింపుకున్నారట. పనసకాయలు కొట్టే చప్పుడు, మామిడిపళ్ళ బుట్టలు దింపే చప్పుడు. జోజి, ధనరాజు, వాళ్ళ బ్యాండూ ఎండలో బస్సు రోడ్డుకీ ఊరికీ మధ్య తిరుగుతూనే ఉన్నారు. ఒక మేళాన్ని విడిదిలో దింపడం, మరో మేళానికి ఎదురెళ్ళడం.

రాజోలు వైపు నుంచి వచ్చిన సన్నాయి విద్వాంసుడు అమ్మిరాజు ఇంట్లో దిగాడు. పెద్దాయన, మర్యాదస్తుడు. అమ్మిరాజు భార్య వీరాయమ్మ దగ్గరుండి వడ్డించింది. నేను ఎదుటి విస్తట్లో ఉన్నాను గనక కళ్ళారా చూశాను.

"ఇంకొక్క బూరె వేసుకోండి బాబాయి గారూ."

"చాలమ్మా, సాయంత్రం వాయించాలి."

"ఒక్క బూరె ఊపిరికి అడ్డమొత్తాదేంటండీ?"

బూరె పడింది. దాన్ని వేలితో పొడిచి వీరాయమ్మ నెయ్యి పోసింది. ఆ నెయ్యి వృథా పోకూడదని ఇంకో బూరె. పనసపొట్టు కూర మళ్ళీ వచ్చింది. ఆయన వద్దనలేడు, ఈవిడ ఆపలేదు. ఇద్దరూ గోదావరి నీళ్ళు తాగినవాళ్ళే మరి! చివరికి మామిడి రసం దగ్గర ఆయన కళ్ళు మూసుకున్నాడు. ధ్యానమేమో అనుకున్నాం. ప్రతి ఇంట్లోనూ ఇదే తంతు. ఏ మేళమూ విస్తరి ముందు నుంచి తనంతట తాను లేవలేదు. ఎవరో ఒకరు రెక్క పుచ్చుకోవాల్సి వచ్చింది.

జోజి బ్యాండు సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. ఊళ్ళోవాళ్ళు కదా, ఇళ్ళ దగ్గర తినేసి ఉంటారని మేం అనుకున్నాం. ఇన్ని ఇళ్ళలో వంటలు జరుగుతుంటే ఎక్కడో ఒకచోట పెట్టకపోతారా అని వాళ్ళ ఆడవాళ్ళు పొయ్యి వెలిగించలేదు.

ఎండ చల్లబడేసరికి చేలో ఇసకేస్తే రాలనంత జనం. బళ్ళ మీద, సైకిళ్ళ మీద, పడవ దాటి నడిచి వచ్చారు. గడ్డి చాలక చాలామంది గట్ల మీదే కూర్చున్నారు. అమ్మిరాజు పట్టుపంచె కట్టుకుని వేదిక పక్కన కొత్త పెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

సన్నాయి విద్వాంసుణ్ణి ఇద్దరు పట్టుకుని వేదిక ఎక్కించారు. ఆయన సన్నాయి నోట పెట్టుకున్నాడు. ఊదాడు. మైకులో పెద్ద త్రేన్పు వినబడింది. జనం గౌరవంగా ఊరుకున్నారు. మళ్ళీ ఊదాడు. ఈసారి వెక్కిళ్ళు వచ్చాయి.

"క్షమించాలి. కొంచెం సేపు..." అని ఆయన వెల్లకిలా వాలిపోయాడు.

రెండో మేళాన్ని పిలిచారు. బ్యాండువాళ్ళు. బూర పట్టుకున్నవాడు బుగ్గలు పూరించి, మళ్ళీ ఖాళీ చేసి, "అన్నం పైకొత్తందండి" అన్నాడు. భజన బృందం ఎక్కడుందని వెతికితే గడ్డివామి చాటున వరసగా నిద్రపోతున్నారు. తాళాలు గుండెల మీద పెట్టుకుని మరీ పడుకున్నారు, పాపం!

జనంలో గొణుగుడు మొదలైంది. "తినిపించడానికి పిలిచేరా, వాయింపించడానికా?" అని ఎవరో అరిచారు. అమ్మిరాజు మొహాన చెమట కారిపోతోంది.

"బావా, పరువు పోతోంది. ఏదో ఒకటి చెప్పు."

"మన విందు తినని మేళం ఒకటుందేమో చూడు" అన్నాను.

వాడికి వెలిగింది. గట్టు చివర మజ్జిగ తాగుతూ నిలబడ్డ జోజి దగ్గరికి పరుగెత్తాడు. ఆ పరుగు చూడ్డానికైనా జనం రావచ్చు.

"జోజీ, ఎక్కరా నాయనా స్టేజీ!"

జోజి ఎక్కాడు. కుర్చీలు వేశారు. ఏళ్ళ తరబడి కోరుకున్న చోటు అది. ముందు వరసలో వీరాయమ్మ, ఆడవాళ్ళ మధ్య సుందరమ్మ. జోజి కుర్చీలో సర్దుకుని, కాళ్ళు దగ్గర పెట్టుకుని క్లారినెట్టు ఎత్తాడు. కీచుమని ఓ చప్పుడు వచ్చింది. మళ్ళీ ప్రయత్నించాడు. స్వరం మొదలై తెగిపోయింది. ధనరాజు దెబ్బ ఒకచోట, జోజి ఊపిరి మరోచోట. జనం నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. బూరెలు తినని వాడికి ఊపిరి లేకపోవడమేమిటి?

"ఏమైంది జోజీ?" అన్నాడు అమ్మిరాజు కింద నుంచి.

"కాళ్ళు ఆడకపోతే ఊపిరి ఆడట్లేదండి" అన్నాడు జోజి. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎప్పుడూ కూర్చుని వాయించలేదు కదండీ."

ధనరాజు డ్రమ్ము మెడకి తగిలించుకుని లేచాడు. "దిగన్నా. మనకి దారి కావాలి."

"దిగితే మళ్ళీ ముక్కలే కదరా. వీళ్ళంతా ఇక్కడ, మనం ఎక్కడో."

"ముక్కైనా వాయిద్దాం. ఈ కీచులకంటే నయం కదా."

దిగారు. చేను చుట్టూ ఉన్న పెద్ద గట్టు ఎక్కారు. నాలుగడుగులు పడగానే పాట అందుకుంది. అదే మొదలు, మా ఇంటి ముక్క. పెళ్ళికూతురు గడప దాటుతోంది. ఆ స్వరం గట్టు మీద మెల్లగా దూరం అవుతుంటే, జనం మెడలు అటు తిప్పారు.

వీరాయమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని లేచింది.

"ఎక్కడికే?" అన్నాడు అమ్మిరాజు.

"మీరు కూచోండి. నాకు ఈ పాట మధ్య ముక్కే తెలుసు. ఇవాళ వదిలేది లేదు. జోజీ, ఉండు, నేనూ వత్తన్నా!"

ఆవిడ వెనక ఆడవాళ్ళు. ఆడవాళ్ళ వెనక పిల్లలు. పిల్లల వెనక మొగాళ్ళు. చేలో ఉన్న జనమంతా లేచి జోజి వెంట గట్టు పట్టారు. లేచిన దుమ్ము చూసి రాజోల్లో మళ్ళీ తుపాను వచ్చిందని కిటికీలు వేసుకున్నారట. వెల్లకిలా పడుకున్న సన్నాయి విద్వాంసుణ్ణి కూడా జనం లేపి నడిపించారు. ఓ చుట్టు తిరిగేసరికి ఆయన త్రేన్పులు తగ్గాయి. మరో చుట్టుకి పంచె సర్దుకున్నాడు. ఆ తర్వాత సన్నాయి అడిగి పుచ్చుకుని, జోజి పక్కన నడుస్తూ, పడవ నది మధ్యకొచ్చే చోట పాటతో కలిశాడు. వెనకే బ్యాండువాళ్ళ బూరలు. గడ్డివామి చాటు నుంచి తాళాలు. తిన్నదంతా అరిగినకొద్దీ ఒక్కొక్క మేళం వచ్చి చేరింది.

దీపాల వేళకి పడవ రేవు చేరింది. నేను మొదటిసారి చివర విన్నాను. పెళ్ళికూతురు అత్తవారి గట్టు మీద కాలు పెట్టి నవ్వింది. నవ్విందంటే నవ్వింది, క్లారినెట్టులో! జోజి ఆగాడు. అంత జనమూ ఆగారు.

"ఇదా చివర!" అంది వీరాయమ్మ రొప్పుతూ. "ఇన్నేళ్ళూ ఏడుపు పాటనుకున్నాను. నువ్వు మా ఇంటి ముందుకొత్తే చాలు, మా అమ్మ గుర్తొచ్చి కళ్ళు తుడుచుకునేదాన్ని."

"ఆయ్, మీ ఇంటికాడ పడవ ఇంకా గోదారి మధ్యలో ఉండేదండి" అన్నాడు జోజి.

సుందరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇదేంటి, మొదలు ఇంత దిగులుగా ఉందా? నేనేమో మనిషికి దిగులే లేదనుకున్నా" అంది మొగుడితో.

జోజి గట్టు మీద కూలబడి, "ఆకలేత్తందే" అన్నాడు.

అప్పుడు తెలిసింది మాకు, వాళ్ళు పొద్దున్నించీ ఏమీ తినలేదని. వీరాయమ్మ నాలుక కరుచుకుంది. మా ఇంటికంటే మా ఇంటికని చుట్టూ పెద్ద గొడవ లేచింది. సుందరమ్మ ఆ గొడవంతా విని, చెయ్యి పైకెత్తింది.

"ఎవరింటికీ రాడండి. మా ఇంట్లోనే పొయ్యి వెలిగిత్తాను. మామిడికాయ, ఎండురొయ్యలు ఉన్నాయి. అమ్మిరాజు గారూ, మీరూ రావాలండి, అమ్మగారూ రావాలి, పెదబాబు గారూ రావాలి."

అమ్మిరాజు కడుపు అప్పటికే నిండుకుండలా ఉంది. పైగా పేటలో విస్తరి ముందు కూర్చోవడం వాడి వంశంలో జరగలేదు. నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను. పిలిచిన ఇంటికి రామని చెప్పడం మాకు పుట్టుకతో రాదు కదా!

వెళ్ళాం. చర్చి వెనక వాకిట్లో చాపలు వేశారు. జోజి పక్కన అమ్మిరాజు, వాడి పక్కన సన్నాయి విద్వాంసుడు, ఆయన పక్కన నేను. సుందరమ్మ పులుసు గిన్నె పట్టుకుని మూడోసారి వచ్చింది. అమ్మిరాజు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టలేదు.