చాప కప్పుకోని వాళ్లు

మతాలేనా కొడుకును చంపినవాళ్లే మాకు దేశభక్తి నేర్పడానికి వచ్చారు.

ఆమె కొడుకు సెమీసీ నడుముకు తెల్లచారల నీలం లుంగీ కట్టుకుని దారిన పోతున్నాడు. మా సమోవా దీవులు మావే అనేవాళ్ల గుర్తు అది. దొరల సర్కారు దాన్ని నిషేధించింది. సోల్జర్లు విప్పమన్నారు. విప్పనన్నాడు. వీపులో కాల్చారు.

మాలో మనిషిని చంపితే, చంపినవాడి తరఫువాళ్లు తెల్లవారకముందే వచ్చి, తలమీద మేలిచాప కప్పుకుని, చచ్చినవాడి ఇంటిముందు కూర్చోవాలి. ఇంటివాళ్లు క్షమించి, వచ్చి ఆ చాప ఎత్తేదాకా ఎండైనా వానైనా కదలకూడదు. మతాలేనా రోజూ చీకటితోనే లేచి అరుగుమీద కూర్చునేది. ఎవరూ రాలేదు.

వచ్చింది జెండా కర్ర. సోల్జర్లు దాన్ని ఆమె ఇంటిముందే పాతారు. ఒకడు రాళ్లు పేర్చిన మట్టిదిబ్బమీద కూర్చుని గొడ్డుమాంసం డబ్బా తెరుచుకుని తిన్నాడు. జిడ్డువేళ్లు ఆ రాళ్లకే తుడుచుకున్నాడు. మేం మావాళ్లను ఇంటిముందే పాతుకుంటాం. వాడు కూర్చున్నది సెమీసీ మీద. దేశభక్తి అనే మాట నేను మొదటిసారి విన్నది ఆ జిడ్డువాసనలోనే. చదువుకునే పిల్లలు ఇప్పుడు నన్ను దాని అర్థం అడిగితే ఆ వాసనే ముందు వస్తుంది.

సోల్జర్లతో వచ్చిన దొర మాటల్ని పౌలో మా భాషలో చెప్పాడు. పౌలో మతాలేనా సొంత తమ్ముడు, సర్కారు పెట్టిన ఊరిపెద్ద.

“రేపు పొద్దున అందరూ జెండా కింద నిలబడి, చెయ్యెత్తి, రాజుగారి మనుషులమని ఒట్టు వెయ్యాలి. వేసినవాళ్లు దేశభక్తులు. వాళ్ల మగవాళ్లు కొండ దిగి ఇంటికి రావొచ్చు. ఎవరూ ముట్టుకోరు.”

ఊళ్లో మిగతా మగవాళ్లందరూ సోల్జర్లకు దొరక్కుండా కొండమీది అడవిలో దాక్కున్నారు. ఆ మధ్యాహ్నం ఆడవాళ్లం మతాలేనా ఇంట్లో కూడాం.

“వేసేద్దాం. ఒట్టు నోటిమాటేగా, ఉమ్మేస్తే పోతుంది,” అంది ఒకామె.

“మరి సెమీసీ ఆ లుంగీ ఎందుకు విప్పలేదంటావు? చలేసిందా?” అంది పక్కింటి పెలే.

నేనే నోరు తెరిచాను.

“ఫిలీ కాలు కుళ్లిపోతోందక్కా. కొండమీద మందు లేదు. వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి కూడా చూళ్లేదు నా మొగుడు. నాకాయన కావాలి.”

మతాలేనా నా వైపు చూసింది. “వేస్తే వెయ్యి లూసా. నిన్నెవరూ తిట్టరు. కానీ వచ్చాక అడుగుతాడు, ఎవరికి మొక్కి తెచ్చుకున్నావే నన్ను అని. ఏం చెప్తావో ఇప్పుడే అనుకో.”

“దేశభక్తులంట,” అంది పెలే. “ఇంట్లో దూరి, పిల్లాణ్ణి చంపి, ఈ ఇల్లంటే మీకు ప్రేమ లేదని మనల్నే తిడుతున్నారు.”

పొద్దున బూర ఊదారు. అందరం వెళ్లాం. దాచుకున్న నీలం లుంగీలు కట్టుకునే వెళ్లి, నేలమీద కూర్చున్నాం. మతాలేనా ఒళ్లో ఒక మేలిచాప ఉంది. దొర నిలబడమన్నాడు. ఎవరూ లేవలేదు.

“పౌలో, చెప్పు ఆయనకి,” అంది మతాలేనా. “నా కొడుకుని చంపినవాణ్ణి ఈ చాప కప్పుకుని ఇక్కడ కూచోమను. నేనే ఎత్తుతాను. తర్వాత ఎవరు దేశభక్తులో మాట్లాడుకుందాం.”

పౌలో ఏదో గొణిగాడు. దొర నవ్వి తలూపాడు.

“ఏం చెప్పావురా?”

“కొంచెం టైమ్ అడుగుతున్నారని.”

“అక్క మాట మార్చావా?”

మాలో తమ్ముడు చెయ్యకూడని పని అది. పౌలో మొహంలో నెత్తురు లేదు. వంగి ఆమె ఒళ్లోంచి చాప తీసుకున్నాడు. సమాధి పక్కన కూర్చుని తలమీద కప్పుకున్నాడు.

“ఆరోజు వాడు ఏ దారిన వస్తాడో వీళ్లకి చూపించింది నేనే అక్కా,” అన్నాడు లోపల్నుంచి.

దొర ఏమైందని అరిచాడు. అతనికి చెప్పాల్సినవాడు చాప కింద ఉన్నాడు.

ఆమె చాలాసేపు కదల్లేదు. ఎండెక్కింది. చివరికి లేచి వెళ్లి చాప ఎత్తింది.

“రా. మాలో కూచో.”

ఇద్దరికీ సంకెళ్లు వేశారు. అప్పుడు దొర నా ముందుకొచ్చాడు. ఫిలీ పేరు అతనికి తెలుసు. పసిపిల్లకు నేర్పినట్టు తన చెయ్యి పైకెత్తి చూపించాడు.

“ఫిలీ,” అన్నాడు. “ఇల్లు.”

మా భాషలో అతనికి వచ్చిన మాట అదొక్కటేనేమో. నా చేతులు వాటంతటవి లేస్తాయని భయమేసింది. రెండూ తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చున్నాను.

వాళ్లు వచ్చిన పడవ దగ్గరకు దారి ఒక్కటే. దానిమీద వెళ్లి అడ్డంగా కూర్చున్నాం. మమ్మల్ని జుట్టుపట్టి ఈడ్చి పక్కన పడేసి, ఇద్దరినీ తీసుకెళ్లారు. మతాలేనా వెనక్కి తిరిగి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. ఫిలీ కొండమీదే పోయాడు.

పడవ పక్క ఊరి ఒడ్డున ఆగిందట, అక్కడ జెండా పాతడానికి. ఆ ఊరి ఆడవాళ్లు నీలం లుంగీలు కట్టుకుని అప్పటికే ఇసుకలో కూర్చుని ఉన్నారు.