ఐదున్నర గంటల తేడా

నాలుగున్నరకే లేచి, చలికి కొంకర్లు పోతున్న వేళ్లతో అంట్లు తోముతున్న జీవితకి వెనకనుంచి భర్త రాబిన్ మాట వినబడింది. "పదింటికి గదా నీ పని మొదలు. ఎల్లగానే ఆ క్షమాపణ కాయితం మీద సంతకం పెట్టీ. ఏటి పోద్ది?"

ఏం పోతుందో విడమరిచి చెప్పే ఓపిక ఆమెకు లేదు.

అరకులో కాఫీ రైతుల సొసైటీకి ఆమె కంప్యూటర్ ఆపరేటరు. వాన ఏ వేళకు పడుతుందో ఒక వెబ్‌సైటు పంపుతుంది. దాన్ని చదివే ప్రోగ్రామును మేనేజరు వెంకటరమణ రాసి వారమే అయింది. అది చూపిన టైమును ఆమె బోర్డు మీద రాస్తుంది. మొన్న గురువారం పొద్దున పదిన్నరకు వాన అని ముందురోజే రాసింది. ఆడవాళ్లు పొద్దున్నే కాఫీ గింజలన్నీ షెడ్డులోకి ఎత్తారు. చుక్క పడలేదు. మధ్యాహ్నం మళ్లీ కళ్లమంతా పరిచారు. నాలుగింటికి కుండపోత. తడిసిన గింజలు ఒళ్లో పోసుకుని సోములమ్మ ఏడ్చింది. "ఆడవాళ్లకి కంప్యూటర్ ఇస్తే ఇంతే," అన్నాడు మేనేజరు అందరి ముందూ.

మర్నాడు జీవిత వెబ్‌సైటు పంపిన అక్షరాలను విప్పి చూసింది. తేదీ, పదిన్నర, చివర ఇంగ్లీషు జెడ్. అది లండన్ దగ్గరి గ్రీనిచ్ టైమని గుర్తు. మన టైము కావాలంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి. ప్రోగ్రాము ఆ జెడ్‌ను పనికిరాదని కోసి పారేస్తోంది. ఐదున్నర గంటలు! నాలుగున్నర నుంచి పది దాకా నీళ్లు, పొయ్యి, అత్తగారి మందులు, రెండు క్యారేజీలు. ఆమె రోజులోనూ ఆ ముక్క ఎవరి లెక్కలోకీ రాదు. ఒళ్లు మండింది. అలిసిపోయిన మనిషికి కోపమైనా ఎంతసేపు నిలుస్తుంది? ప్రోగ్రాము దిద్ది, మేనేజరుకు చెప్పింది.

"బయట అనకు. పై ఆఫీసులో నాకో పరువుంది. తప్పు నీదేనని ఈ కాగితం మీద సంతకం పెట్టు," అన్నాడాయన.

ఇవాళ పదింటికి జీవిత ఆఫీసులోకి కాక నేరుగా కళ్లంలోకి నడిచింది. సోములమ్మ ముఖం తిప్పుకుంది.

"పిన్నీ, తప్పు ప్రోగ్రాములో ఉంది. రాసింది సారు. పట్టుకుని దిద్దింది నేను."

"మరావేళే సెప్పనేదేటే గుంటా?"

"మర్నాడు తెలిసింది. అప్పుడు బయమేసింది పిన్నీ."

సోములమ్మ చేట కింద పెట్టి లేచింది. మిగతా ఆడవాళ్లూ లేచి వెనకే వచ్చారు. వాళ్లంతా ఆఫీసు గుమ్మంలో నిలబడి చూస్తుండగా, జీవిత క్షమాపణ కాగితంలో తన పేరు కొట్టేసి, వెంకటరమణ అని రాసి, మేనేజరు ముందుకు జరిపింది.

"సంతకం ఇక్కడ పెట్టండి సార్."